కోటాలు తొలగాక మన మగ్గం

సంపన్న దేశాలు తమ మిల్లులను కాపాడుకునేందుకు 1974లో మల్టీ ఫైబర్ ఒప్పందం చేసుకుని, ఏ వర్ధమాన దేశం నుంచి ఏటా ఎంత బట్ట, ఎన్ని దుస్తులు రానివ్వాలో పరిమితులు పెట్టాయి. కోటాలు అనే ఈ పరిమితులు 1995 నుంచి దశలవారీగా సడలి, 2005 జనవరి 1న పూర్తిగా రద్దయ్యాయి. కోటా ఎగుమతికి అడ్డుకట్టే అయినా, అది ఉన్నంతకాలం ఆ మేరకు అమ్మకానికి భరోసా కూడా ఉండేది. అది పోయాక ధర, నాణ్యత, గడువు తప్ప వేరే ఆసరా లేకపోయింది.

భారత పరిశ్రమ నూలు వడకడంలో బలంగానూ, నేతలో, అద్దకంలో బలహీనంగానూ ఈ పోటీలోకి దిగింది. కొత్త యంత్రాల రుణాలపై వడ్డీలో కొంత భరించే సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకాన్ని కేంద్రం 1999లో ప్రారంభించింది. అంతవరకు చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించిన రెడీమేడ్ దుస్తుల తయారీని 2000 నాటి జాతీయ వస్త్ర విధానం పెద్ద సంస్థలకూ తెరిచింది.

అసలు చిక్కు ఎక్కడుందో సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల దగ్గర కనిపిస్తుంది. పాత సాంచాపై పడుగు పోగుల నడుమ నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ పేక పోగును వేస్తుంది. నాడెలోని నూలు కండె అయిపోయినప్పుడల్లా మగ్గం ఆపి మరొకటి పెట్టాలి, తెగిన పడుగు పోగుపై కార్మికుడి చూపు పడేలోగా బట్టలో లోపం పడిపోతుంది. వేల మీటర్ల బట్ట ఒకే తీరున ఉండాలనే విదేశీ కొనుగోలుదారు ఆ లోపాన్ని ఒప్పుకోడు. నాడె లేకుండానే వేగంగా నేసే ఆధునిక మగ్గం దీన్ని చాలావరకు తీరుస్తుంది గాని, దాని ధర కొద్దిపాటి సాంచాలున్న ఆసామికి అందదు. పైగా ఒకే కార్మికుడు ఎక్కువ మగ్గాలు చూసుకోగలడు కనుక మిగిలినవారి పని పోతుంది.

అందుచేత పునర్నిర్మాణమంటే పాత యంత్రాన్ని తుక్కుకు వేసి కొత్తది దించడం మాత్రమే కాదు. వరంగల్‌లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఆశిస్తున్నట్టు నూలు నుంచి దుస్తుల దాకా అన్ని దశలూ ఒకేచోట చేరితే రవాణా ఖర్చూ, కాలమూ కలిసివస్తాయి. అయితే చిన్న ఆసాములు కలిసి వాడుకునే అద్దకపు వసతులు, పూచీ అడగని రుణం, కార్మికులకు శిక్షణ కూడా ఆ ప్రణాళికలో భాగం కావాలి. చౌక ధరే గెలుపనుకుని భద్రతను విస్మరిస్తే ఏమవుతుందో, 2013లో బంగ్లాదేశ్‌లో దుస్తుల కర్మాగారాలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించిన దుర్ఘటన చూపింది. పాత సాంచా ముందు నిలబడ్డ కార్మికుడికి కొత్త మగ్గం దగ్గర చోటు చూపగలిగిన నాడే ఈ మార్పు దేశానికి నిజంగా లాభించినట్టు.