నాయనమ్మ సందుగలో రెండు దేశాల స్టాంపులు!

స్టాంపులు, నాణేలు పోగేసేవాళ్లు మనకు తెలుసు. పాత పాస్‌పోర్టులు పోగేసే కలెక్టర్లూ ఉన్నారు (జిల్లా కలెక్టర్ కాదు లెండి!). వాళ్లు ఇష్టంగా వెతికే వాటిలో 'వార్ బ్రైడ్స్' కాగితాలు ఒకటి.

రెండో ప్రపంచ యుద్ధం కోసం బ్రిటన్‌కు వచ్చిన అమెరికా, కెనడా సైనికుల్ని అక్కడి అమ్మాయిలు పెళ్లి చేసుకున్నారు. యుద్ధం అయిపోయాక చంటిపిల్లల్ని ఎత్తుకుని, ఎన్నడూ చూడని అత్తగారింటికి ఓడల్లో బయల్దేరారు. వీళ్ల కోసమే అమెరికా 1945 డిసెంబర్ 28న ఒక చట్టం చేసింది. నెల తిరక్కుండానే, 1946 జనవరి 26న, 'అర్జెంటీనా' అనే ఓడ సౌతాంప్టన్ నుంచి కదిలింది. కెనడాకైతే భార్యలు, పిల్లలు కలిపి దాదాపు 64 వేల మంది చేరారు. వాళ్లలో చాలామంది దిగిన హాలిఫాక్స్ రేవు 'పియర్ 21' ఇప్పుడొక మ్యూజియం.

ఆ రోజుల్లో బ్రిటిష్ పాస్‌పోర్టులో వివరాలకు రెండు వరసలు ఉండేవి. ఒకటి పాస్‌పోర్టు ఉన్నాయనకు, రెండోది 'భార్య'కు. ఎత్తు, కళ్ల రంగు అన్నీ ఆయన పుస్తకంలోనే. ఆ పుస్తకం పట్టుకుని ఆమె ఒక్కతే ఎక్కడికీ పోలేదు. అందుకే ఓ ఆడమనిషి సొంత పేరు మీద, సొంత ఫొటోతో ఉన్న 1946 నాటి కాగితం దొరికితే అంత మురిపెం.

సరే, సూర్యాపేటలో, మిర్యాలగూడలో ఉండే మనకెందుకీ గొడవ అంటారా? మన నాయనమ్మలూ దేశం దాటి కాపురానికి వచ్చినవాళ్లే కాబట్టి.

1948 దాకా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నిజాం రాజ్యం. జగ్గయ్యపేట బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ. ఇంకో తమాషా చూడండి. సూర్యాపేట నుంచి కోదాడ పోతుంటే మధ్యలో వచ్చే మునగాల పరగణా, చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా, కృష్ణా జిల్లా కింద ఉండేది! ఇప్పుడు హైవే మీద ఒక్క పాట అయిపోయేలోపు దాటేస్తాం. అప్పుడు ఇటు హాలీ సిక్కా, అటు కల్దార్ రూపాయి. సరుకు మీద కరోడ్‌గిరి సుంకం వేరే. జగ్గయ్యపేట పిల్ల కోదాడ కోడలైతే రాజ్యం మారినట్టే. కానీ పాస్‌పోర్టు లేదు, ముద్ర లేదు. ఇక రజాకార్ల రోజుల్లో రాత్రికి రాత్రి సరిహద్దు దాటిన కుటుంబాలు ఏ కాగితం పట్టుకుపోతాయి?

మరి ఏం మిగిలింది? ఉత్తరాలు. నిజాం స్టాంపు నిజాం రాజ్యంలోనే చెల్లేది. అంటే కోదాడలో కాపురం ఉన్న ఆమెకు మిర్యాలగూడ అక్క రాసిన కార్డు మీద నిజాం స్టాంపు ఉండొచ్చు, జగ్గయ్యపేట అమ్మ రాసిన కార్డు మీద జార్జి రాజు బొమ్మ ఉంటుంది. రెండూ ఒకే సందుగలో. నన్నడిగితే ఆ రెండు కార్డులే ఆమె పాస్‌పోర్టు. సారె సామానుకు సుంకం కట్టిన రశీదు ఎక్కడైనా దొరికిందంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టేటప్పుడు ముందు పోయేవి ఇవే. ఇత్తడి బిందెకు బేరం ఆడతాం, కాగితాల్ని మాత్రం కిలోల లెక్కన తూకానికేస్తాం.

దొరికితే లామినేషన్ చేయించకండి, కాగితం పాడవుతుంది. గమ్ టేప్ కూడా వద్దు. రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసి, ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది విడిగా రాసి పెట్టండి. కార్డు నుంచి స్టాంపు మాత్రం ఊడదీయొద్దు, తపాలా ముద్రతో కలిసి ఉంటేనే తేదీ, ఊరు తెలుస్తాయి.

అమ్మేద్దామనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. 1967 చట్టం కింద ఇచ్చిన పాస్‌పోర్టు ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తే. 75 ఏళ్లు నిండిన, చారిత్రక విలువ ఉన్న పత్రాన్ని 1972 చట్టం పురావస్తువుగా చూస్తుంది. దాన్ని మనంతట మనం విదేశాలకు పంపకూడదు.

నాయనమ్మ, అమ్మమ్మ ఇంకా ఉంటే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి అడగండి: "నువ్వు కాపురానికొచ్చిన రోజు నీ కొంగున కట్టింది హాలీ రూపాయా, కల్దారా?"