గుట్టకు పోతున్నారా? ముందు మబ్బును చూడండి

ఎండకాలంలో తునికాకుకు గుట్టకు పోతాం. దసరా ముందు వెనుక సీతాఫలాలకు పోతాం. కట్టెలకూ పోతాం. గుట్ట మనకు కొత్త కాదు. కానీ గుట్ట మీద వాతావరణం పొద్దున ఒక తీరు, మాపటికి ఒక తీరు.

మాలావత్ పూర్ణ పేరు విన్నారా? ఆమెది నిజామాబాద్ జిల్లా పాకాల. కూలి చేసుకునే ఇంటి పిల్ల. మన సదాశివనగర్‌కు దగ్గరలోని తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదివింది. భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు.

అంత పెద్ద కొండ ఎక్కేవాళ్లు ఒక నియమం పెట్టుకుంటారు. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ముందే అనుకుంటారు. గాలివాన వచ్చేటట్టుంటే, శిఖరం కనబడుతున్నా దిగిపోతారు. మన గుట్ట చిన్నదే. అయినా ఈ నియమం మనకూ పనికొస్తుంది.

పొద్దున్నే ఎందుకు పోవాలె?

ఎండకు నేల కాగుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి పోతుంది. అందులోని తేమ పైన చల్లబడి మబ్బు అవుతుంది. అందుకే ఎండకాలంలో గాలిదుమారం, పిడుగులు ఎక్కువగా పగలు దాటినంక వస్తాయి. తెల్లారంగనే బయలుదేరండి. పగలు 12 లోపు దిగండి. ఎండదెబ్బ భయమూ తగ్గుతుంది. సద్దితోపాటు నీళ్లు తప్పక తీసుకుపోండి.

పిడుగు ఎంత దూరంలో ఉంది?

మెరుపు కనబడగానే ఒకటి, రెండు, మూడు అని నిదానంగా లెక్కపెట్టండి. ఉరుము వినబడగానే ఆపండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. 9 వరకు లెక్కపెడితే పిడుగు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. 30 లోపే ఉరిమితే ప్రమాదం దగ్గరికి వచ్చినట్టే. పని ఆపి దిగండి. పక్కా ఇంట్లోకి పోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

ఇల్లు దొరకకపోతే?

ఒంటి చెట్టు కింద నిలబడవద్దు. గుట్ట కొన మీద, బండ నీడన ఉండవద్దు. పల్లపు చోట మడమలు ఆనించి గొంతుక్కూర్చోండి. పడుకోవద్దు. ఒకరికొకరు దూరంగా ఉండండి. ఇది పూర్తి రక్షణ కాదు. ముందే దిగడమే మేలు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకు షాక్ కొట్టదు. పేడ పూయడం, మట్టిలో పాతడం చేయవద్దు. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగా, వెంటవెంటనే ఒత్తుతూ ఉండండి.

బాట ఎట్లుంది?

వాన పడితే పాచి పట్టిన బండ జారుతుంది. నెత్తిన మోపుతో దాని మీద అడుగు పెట్టవద్దు. చుట్టుదారి అయినా మట్టిబాటనే దిగండి. గడ్డిలో కట్టెతో తట్టుకుంటూ నడవండి. పాము ఉంటే తప్పుకుంటుంది. వాగులో ఎర్రనీళ్లు వస్తుంటే దాటవద్దు. పైన వాన పడిందని దాని గుర్తు.

ఒక్కరే పోవద్దు. ఏ దిక్కు పోతున్నారో ఇంట్లో చెప్పండి. మబ్బు పట్టితే మోపు సగమే అయినా దిగండి. మిగిలిన కట్టెలు రేపు తెచ్చుకోవచ్చు.

లెక్క చేయండి: మెరుపు మెరిసింది. 12 లెక్కపెట్టినంక ఉరిమింది. పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది? అప్పుడు మీరు ఏం చేస్తారు?