చెట్టు కొలతతో గూడు

హార్స్‌లీ కొండ ఎక్కినవాళ్లు ‘కల్యాణి’ని చూడకుండా దిగిరారు. అదొక నీలగిరి చెట్టు. 1859లో నాటారని చెబుతారు. ఎత్తు 40 మీటర్లు. ఆస్ట్రేలియాలో ఈ జాతి చెట్ల తొర్రల్లో పగలంతా ముడుచుకుని పడుకుని, చీకటి పడగానే బయటికొచ్చి, ఒక మాను మీంచి ఇంకో మానుకి 50 మీటర్ల దాకా గాల్లో తేలిపోయే ఓ చిన్న ప్రాణి ఉంది. పేరు షుగర్ గ్లైడర్. కంగారూలాగా పొట్టసంచిలో పిల్లను మోసే జాతి. ఎదిగిన దాని బరువు వంద నుంచి నూట యాభై గ్రాములు, మదనపల్లె మార్కెట్లో ఒక మంచి టమోటా తూగినంత. ముందుకాలి చిటికెన వేలి నుంచి వెనక్కాలి దాకా పల్చటి చర్మం పరుచుకుని ఉంటుంది. కాళ్లు చాపి దూకితే అదే దానికి గొడుగు, అదే రెక్క.

చెట్టు మన దగ్గరికి నూట అరవై ఏళ్ల కిందటే వచ్చింది. ప్రాణి ఇప్పుడొస్తోంది, చెట్టు లేకుండా.

కుప్పంలో రైలెక్కితే బెంగళూరు రెండు గంటల దారి. మదనపల్లె, పుంగనూరు వాళ్లకూ ఏ కొత్త సరుకైనా ముందు ఆ ఊళ్లోనే కనబడుతుంది. చొక్కా జేబులోంచి తల బయటపెట్టి చూసే గ్లైడర్ వీడియో ఫోన్లో చూసిన కుర్రాడు దాని ధర ఎంతని అడుగుతాడు, మచ్చిక అవుతుందా అని అడుగుతాడు. ఎందులో పెట్టాలని మాత్రం అడగడు. అడిగినా, లవ్‌బర్డ్స్ పంజరమో కుందేళ్ల పెట్టో చేతిలో పెట్టి, చిన్న ప్రాణే కదా, చాలుతుందంటారు. చిన్నది కాబట్టి తక్కువ చోటు చాలుతుందన్న ఈ లెక్క మన ప్రాంతానికి కొత్తది కాదు. మూడడుగులకు అటూ ఇటూగా ఉండే పుంగనూరు ఆవును ప్రధాని 2024 జనవరిలో ఢిల్లీలోని తన ఇంట్లో మేపిన ఫొటోలొచ్చాక, దాన్ని ఫ్లాట్‌లో కట్టేసుకోవచ్చా అని అడిగినవాళ్లున్నారు. ఎంత పొట్టిదైనా ఆవుకి నేల కావాలి. గ్లైడర్‌కి ఎత్తు కావాలి. అందుకే గూడు ముందు, ప్రాణి తర్వాత. ఖాళీ గూడు ఇంట్లో నెల రోజులుంచి, దానికి మీ ఇల్లు ఓర్చుకుంటుందో లేదో చూసుకున్నాకే రెండో మాట.

అంతకన్నా ముందు చట్టం సంగతి. పెరట్లో రామచిలుకను పంజరంలో పెట్టుకోవడం నేరమని తెలిసినా పెట్టుకునే ఊళ్లు మనవి, అందుకే చెప్పాల్సి వస్తోంది. కౌండిన్య అభయారణ్యంలో తిరిగే దేవాంగపిల్లికీ గ్లైడర్‌లాగే గుండ్రటి పెద్ద కళ్లు, రాత్రి సంచారమే. దాన్ని పట్టినా, పెంచినా జైలే. గ్లైడర్ విదేశీ జంతువు. అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ జాబితాలో అది లేదు. కాబట్టి ఆ జాబితాలోని జీవులను పెంచేవాళ్లు ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలన్న 2024 నిబంధన దీనికి వర్తించదు. అలాగని ఎక్కణ్నుంచైనా తెచ్చుకోవచ్చని కాదు. విదేశం నుంచి తేవాలంటే దిగుమతి లైసెన్సు, క్వారంటైన్ అనుమతి ఉండాలి. 2022లో బ్యాంకాక్ నుంచి చెన్నైలో దిగిన ప్రయాణికుడి సామానులో గ్లైడర్‌కి దూరపు చుట్టమైన కస్కస్ దొరికింది. మన పొదల్లోని నక్షత్ర తాబేళ్లు దొంగదారిన దేశం దాటుతుంటే, అటునుంచి ఇలాంటివి సూట్‌కేసుల్లో దిగుతున్నాయి. అమ్మేవాడి దగ్గర ఇక్కడే పుట్టిన పిల్ల అనడానికి ఆధారం, రశీదు, 2018 పెట్ షాప్ నిబంధనల కింద రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే వెనక్కి తిరగడమే.

గూడు గురించి కూడా చట్టంలో ఒక మాట ఉంది. కదలడానికి సరిపడా ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో ప్రాణిని ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం క్రూరత్వం. మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు! ఈ రోజుల్లో పది రూపాయలకి టీ కూడా సరిగ్గా రాదు. కాబట్టి చట్టానికి భయపడి పెద్ద గూడు కట్టేవాడు ఉండడు, ప్రాణిని చూసి కట్టాలి.

మేస్త్రికి ఏం చెప్పాలి

మంచి గూడు ఆన్‌లైన్లో దొరుకుతుంది గానీ ధర కొండెక్కి ఉంటుంది. మన ఊళ్లలో దారి వేరే ఉంది, కిటికీ గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపు. వెళ్లగానే మేస్త్రి అడిగే మొదటి మాట, “ఏం నైనా, కోళ్లకా, కుందేళ్లకా?” రెండింటికీ కాదని ముందే చెప్పేయాలి. కోళ్ల గూడు నేల చూసి కడతారు, ఇది పైకి చూసి కట్టాలి.

రెండు గ్లైడర్లకు తక్కువలో తక్కువ రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఇది కనీసం మాత్రమే. గోడకి ఆనించి అయిదడుగులు లేపగలిగితే లేపండి, ఖర్చు పెద్దగా పెరగదు. రెండు అని ఎందుకన్నానంటే, అడవిలో ఇవి గుంపుగా ఒకే తొర్రలో పడుకునే ప్రాణులు. ఒంటరిగా ఉంచితే దిగులుతో తమ తోకను తామే కొరుక్కుంటాయి, బొచ్చు పీక్కుంటాయి. జత పెట్టి పిల్లలు వద్దనుకుంటే మగదానికి ఆపరేషన్ చేయించాలి.

జాలీ సందు అరంగుళం దాటకూడదు. పుర్రె దూరితే ఒళ్లంతా దూరుతుంది, పిల్లదైతే మరీను. ఇక మేస్త్రి తప్పకుండా చూపించేది జీఐ మెష్. తుప్పు పట్టదు, చవక, కోళ్లకి అందరూ అదే వాడతారు. గ్లైడర్‌కి పనికిరాదు. దాని మీద ఉండేది జింకు పూత. గ్లైడర్లు జాలీ పట్టుకునే రాత్రంతా పాకుతాయి, నాకుతాయి, దాని మీదే మూత్రం పోస్తాయి. మూత్రానికి పూత ఊడుతుంది, ఊడింది కడుపులోకి పోతుంది. మామూలు ఇనుప మెష్ తీసుకుని, వెల్డింగ్ అంతా అయ్యాక పౌడర్ కోటింగ్ చేయించడమే మేలు. కార్ల విడిభాగాలకి, ఇనుప కుర్చీలకి పూత వేసేచోట ఈ పని చేస్తారు. కోటింగ్‌కి పంపే ముందు ఒక పాత నైలాన్ సాక్సు చేతికి తొడుక్కుని గూడు లోపలంతా నిమరండి. సాక్సు ఎక్కడ తగులుకుంటే అక్కడ వెల్డింగ్ ముల్లు ఉన్నట్టు. దాన్ని గ్రైండర్‌తో రాయించకపోతే, దూకేటప్పుడు ఆ పల్చటి చర్మం అక్కడే చిరుగుతుంది.

తలుపు సంగతి ఇంకా ముఖ్యం. లవ్‌బర్డ్స్ పంజరాలకి పైకి జరిపే తలుపులుంటాయి. గ్లైడర్‌కి చేతివేళ్లున్నాయి, వెనక్కాలికి మన బొటనవేలులాంటిది ఉంది. ఆ తలుపుని అది పైకెత్తి బయటికొస్తుంది. వచ్చాక ఆగే చోటు ఫ్యాను రెక్కో, పక్కింటి పిల్లి నోరో. అందుకని పక్కకు తెరుచుకునే తలుపు, గొళ్లెం, ఆ గొళ్లేనికి తాళాలగుత్తికి వేసే స్ప్రింగు కొక్కెం ఉండాలి. చెయ్యి పట్టేంత చిన్న తలుపు ఒకటి పైన, గిన్నెలు మార్చేందుకు ఇంకోటి కింద పెట్టిస్తే పెద్ద తలుపు తెరిచే అవసరం తగ్గుతుంది. అడుగున లాగే ట్రే, ట్రేకి పైన జాలీ. పడిన మెతుకులు మళ్లీ తినకుండా ఉంటాయి.

లోపల పెట్టేవి

పడుకోవడానికి గుడ్డసంచి. ఊళ్లో దర్జీ చేత కుట్టించుకోవచ్చు, కుట్లు మాత్రం లోపలికి మడిచి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా ఉండాలి. ఫ్లీస్ గుడ్డ మంచిది. టర్కీ తువ్వాలు, ఊలు స్వెట్టరు ముక్క అసలు వద్దు. వీటి గోళ్లు కొక్కేల్లా వంగి ఉంటాయి. పోగులో గోరు చిక్కుకుంటే రాత్రంతా గుంజుకుని వేలు తెంచుకునేదాకా పోతుంది. వారానికోసారి సంచిని వెలుతురుకి పట్టి చూడటం, పోగు లేస్తే అవతల పారేయడం అలవాటు చేసుకోవాలి.

ఇక చక్రం. జంతువుల దుకాణంలో హామ్‌స్టర్ చక్రం అంటగడతారు. దానికి నడిమధ్య ఇరుసు ఉంటుంది, పరిగెత్తే దారి కమ్మీలు కమ్మీలుగా ఉంటుంది. గ్లైడర్ తోక దాని ఒంటంత పొడవు. ఇరుసుకి చుట్టుకుంటే విరుగుతుంది. లోపల ఇరుసు లేకుండా వెనక వైపు నుంచే బిగించేది, పరుగుదారి సందుల్లేనిది, కనీసం 11 అంగుళాల వ్యాసం ఉన్నది కొనాలి. దొరక్కపోతే చక్రమే వద్దు, ఇంకో రెండు కొమ్మలు పెట్టండి. ప్లాస్టిక్ బంతిలో వేసి దొర్లించే సరదా మాత్రం ఎలుకల జాతికే పరిమితం చేసుకుంటే చాలు, వాటికీ అదేం సరదా కాదు.

కొమ్మల విషయంలో మాత్రం పెద్ద ఊళ్లవాళ్ల కన్నా మనమే అదృష్టవంతులం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ పట్టుపురుగులు పెంచే ఊళ్లే. మల్బరీ తోటకి విషపు మందు కొడితే పురుగు చస్తుంది కాబట్టి రైతు జాగ్రత్తగా ఉంటాడు. ఆ తోటలో కత్తిరించిన లావుపాటి కొమ్మ కన్నా శుభ్రమైన కొమ్మ ఈ ప్రాంతంలో దొరకడం కష్టం. పురుగుల షెడ్డులోంచి తీసిన పుల్లలు మాత్రం వద్దు, అక్కడ సున్నం, బ్లీచింగ్ చల్లుతారు. జామ కొమ్మ, నీలగిరి కొమ్మ కూడా బాగుంటాయి. గన్నేరు ఏ రూపంలోనూ దరిచేరకూడదు. కొమ్మకి డ్రిల్లుతో చిన్న చిన్న రంధ్రాలు వేసి, వాటిలో నీళ్లలో నానిన తుమ్మబంక కూరి చూడండి. అడవిలో తుమ్మ జాతి చెట్ల జిగురును మాను గీరి నాకడం దానికి పుట్టుకతో వచ్చిన పని. గిన్నెలో పోసింది నిమిషంలో తినేస్తుంది, రంధ్రంలో పెట్టిందాని కోసం అర్ధరాత్రి దాకా తంటాలు పడుతుంది. ఆ తంటాలే దానికి కావాలి. రోగం లేని పట్టుపురుగు అప్పుడప్పుడూ పెడితే పండగ.

గూడు ఎక్కడ

వంటింటి పొగ, దోమల కాయిల్ పొగ తగలని గదిలో, నేరుగా ఎండ పడని మూలలో. వాటికి నప్పే వేడి 24 నుంచి 27 డిగ్రీలు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలం సంగతి అందరికీ గుర్తుంటుంది గానీ డిసెంబరు తెల్లవారుజాము చలే దీనికి గండం. ఒళ్లు చల్లబడి, కొయ్యబారినట్టు పడి ఉంటుంది. చచ్చిందనుకునేవాళ్లున్నారు. వెచ్చబెట్టే సిరామిక్ బల్బు గూటి బయటే, తాకలేనంత దూరంలో పెట్టాలి. బల్బుని గూట్లోపల వేలాడదీస్తే కాలుతుంది.

తీపి గిన్నె ఉన్నచోటికి చీమలు రాకుండా ఉంటాయా? మన అవ్వలు సున్నుండల బీరువా కాళ్లకి నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు. గూటి కాళ్లకీ అదే పెట్టండి, చీమల మందు జోలికి పోవద్దు. కడగడానికి వేన్నీళ్లు, కాస్త వెనిగర్ చాలు. ఫినాయిల్ గూటి దరిదాపులకి రాకూడదు.

చివరిగా డాక్టరు. మూడూళ్లలోనూ ఆవుకి, మేకకి, కుక్కకి వైద్యం దొరుకుతుంది. గ్లైడర్‌ని చూసిన చేయి దొరకడం కష్టం. తిరుపతి పశువైద్య కళాశాలో, బెంగళూరులో ఇలాంటి ప్రాణుల్ని చూసే క్లినిక్కో ముందే వెతికి నంబరు రాసుకుని, గాలి రంధ్రాలున్న గట్టి డబ్బా ఒకటి, దానికి సరిపడే గుడ్డసంచి ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. పండ్లు మాత్రమే పెట్టి కాల్షియం మరిచిన ఇళ్లలో గ్లైడర్ ఒకరోజు కొమ్మ పట్టు తప్పుతుంది, వెనక్కాళ్లు ఈడుస్తుంది. గూట్లో కాలు చిక్కుకుందనుకుని రెండు రోజులు చూస్తూ కూర్చుంటారు. అది చిక్కుకోవడం కాదు, ఎముకలు గుల్లబారడం. అది కనబడిన పూటే డబ్బా తీసుకుని బస్సెక్కాలి.