చిన్న గెలాక్సీల సాక్ష్యము



పర్వతముపై పొగను జూచి అచ్చట నిప్పున్నదని నిశ్చయించుట తర్కశాస్త్రము నేర్పిన అనుమాన ప్రమాణము. అయితే కనబడినది పొగయో మంచుతెరయో ముందుగా తేల్చుకొనవలెను. నేటి ఖగోళ శాస్త్రజ్ఞులకు ఇట్టి చిక్కే వచ్చినది.

ఒడిసెలలో రాతిని ఎంత వేగముగా త్రిప్పిన త్రాటిని అంత గట్టిగా పట్టవలెను. ఆకాశమున ఆ త్రాడే గురుత్వాకర్షణము. సూర్యునికి దగ్గరనున్న బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్లు పోవుచుండగా, దూరమందున్న నెప్ట్యూను 5 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే పోవుచున్నది. కాని నక్షత్రముల మహాసముదాయములగు గెలాక్సీలలో ఇట్లు కానరాలేదు. 1970 లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డు అనువారు ఆండ్రోమెడా గెలాక్సీని పరీక్షింపగా, అంచులయందు వేగము తగ్గవలసినంత తగ్గలేదు. కనబడు నక్షత్రములకు అంత పట్టు లేదు. కావున కంటికి కానరాని కృష్ణపదార్థము చుట్టును వ్యాపించియున్నదని పలువురు తలచిరి.

ఈ యూహను పరీక్షించుటకు చిన్న గెలాక్సీలే తగినవి. ఏలయన, పెద్దవాని నడుమ నక్షత్రముల బరువే మిక్కుటము. అందు కృష్ణపదార్థము పాలు తేల్చుట కష్టము. చిన్నవానిలో నక్షత్రములు స్వల్పము. వానిలోని హైడ్రోజను వాయువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగములను వెలువరించును. రైలు వచ్చునపుడు కూత హెచ్చుస్థాయిని, పోవునపుడు తగ్గుస్థాయిని వినబడునట్లు, ఆ తరంగములును మారును. ఆ మార్పును బట్టి వేగమును గణింతురు. పుణె జిల్లాలో 45 మీటర్ల వెడల్పుగల 30 పళ్లెములతో నిర్మించిన మన రేడియో దూరదర్శినియు ఈ పనికి తోడ్పడినది.

1996 లో నవారో, ఫ్రెంక్, వైట్ అను మువ్వురు కంప్యూటరు గణనలచే, కృష్ణపదార్థము నడిబొడ్డున మిక్కిలి చిక్కగా పేరుకొనవలెనని చూపిరి. అట్లయిన నడుమనే వేగము చురుకుగా పెరుగవలెను. కాని డి.డి.ఓ. 154 వంటి పెక్కు చిన్న గెలాక్సీలలో, బండిచక్రమున ఇరుసునుండి అంచువరకు వలె, వేగము దూరముతోపాటు మెల్లగా పెరుగుచున్నది. అనగా నడుమ పదార్థము ఇంచుమించు సమముగా పరచుకొనియున్నది.

దీనికి కొందరు, నక్షత్రములు ప్రేలినపుడు వాయువు పలుమారులు వెలికి నెట్టబడి, నడుమనున్న కృష్ణపదార్థమును సడలించెనందురు. అదియే నిజమైనచో, నక్షత్రములు అత్యల్పముగా పుట్టినచోట చిక్కదనము చెడక నిలువవలెను. మరికొందరు ఆ పదార్థకణములు తమలో తాము ఢీకొనుచున్నవందురు. 1983 లో మిల్‌గ్రామ్ అనువాడు, అట్టి పదార్థమే లేదనియు, ఆకర్షణ సూత్రమునే సవరింపవలెననియు వాదించెను. బయటి వేగము సమానమైన గెలాక్సీలును లోపల వేర్వేరుగా తిరుగుటచే ఒక్క సమాధానముతో అన్నియు తీరుటలేదు.

పూర్వము యురేనసు గతిలోని తేడాను బట్టి యూహించిన నెప్ట్యూను 1846 లో నిజముగా కనబడెను. బుధుని గతిలోని తేడాకై యూహించిన గ్రహము మాత్రము లేనేలేదు. 1915 లో ఐన్‌స్టీను ఆకర్షణ సిద్ధాంతమునే మార్చి ఆ చిక్కు విప్పెను. ఒకచోట నిప్పు దొరకెను. ఒకచోట మంచుతెర విడిపోయెను. ఈసారి ఏది నిజమో ఇంకను తేలలేదు. అంతవరకు చిన్న గెలాక్సీల సాక్ష్యమును ఓపికతో వినుటయే విజ్ఞుల పని.