ఉప్పు సరస్సు పక్కన తీపి ఊట

తార్నాకలో మా మేడమీద రెండు గదులున్నాయి. ఒకదానిలో నేను, రెండోదానిలో ఈజిప్టు నుంచి వచ్చిన విద్యార్థి. ఇద్దరం ఉస్మానియాలో భూగర్భశాస్త్రం చదువుతున్నాం. కింద ఉండే ఇంటావిడను నేను పిన్నిగారూ అంటాను. అతనూ అది నేర్చుకుని, "పిన్నీఈగారూ" అని సాగదీస్తాడు. ఆవిడ మురిసిపోయి ఒక గరిటె పులుసు ఎక్కువ వేస్తుంది!

మొదటిసారి ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడ్డప్పుడు, "ఇది మా వాళ్లు కట్టిందా?" అన్నాడట. ఆ అనుమానం మరీ పొరపాటేమీ కాదు. 1939లో ప్రారంభమైన ఆ భవనానికి నమూనా గీసిన ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం వాడే గాని, అంతకు ముందు కైరోలో భవనాలు కట్టి పేరు తెచ్చుకున్నవాడు.

అతని ఊరు కైరో కాదు, సీవా. మధ్యధరా సముద్రానికి దక్షిణంగా 300 కిలోమీటర్లు ఇసుకలో పోతే వచ్చే ఒయాసిస్సు. సముద్రమట్టం కంటే పల్లంలో ఉంటుంది. వందల కొద్దీ ఊటలు, ఖర్జూరపు తోటలు, ఆలివ్ చెట్లు. ఆ తోటల పక్కనే ఉప్పు సరస్సులు. పూర్వం అక్కడి ఇళ్లు ఉప్పుగడ్డలూ మట్టీ కలిపి కట్టేవారు. వాన పడని చోట గోడలకేం భయం? కాని 1926లో మూడు రోజులు ఎడతెగకుండా వాన కురిసేసరికి పాత కోటలోని ఇళ్లు చాలా భాగం కరిగి కూలిపోయాయి.

ఇప్పటి బాధ మరొకటి. జనం బావులు ఎక్కువగా తవ్వారు. పొలాలకు పెట్టగా మిగిలిన నీరు పల్లానికి పారుతుంది. అక్కడినుంచి సముద్రానికి దారి లేదు. ఎండకు ఆవిరై ఉప్పును వదిలిపోతుంది. అలా ఉప్పు సరస్సులు పెరిగి తోటలవైపు జరుగుతున్నాయి. మొన్న సంక్రాంతి వెళ్లాక అతని తండ్రి దగ్గరనుంచి కబురు వచ్చింది. తోటలో చివరి వరస చెట్లు ఎండిపోయాయట. చదువు మానేసి వచ్చెయ్యమని అనలేదు. అనకపోవడమే అతన్ని కోసేసింది.

వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఏం చెప్పి ఓదార్చను? "మాకూ ఒక ఉప్పు సరస్సుంది, చూద్దాం రా" అన్నాను. అదే లోణార్. మహారాష్ట్రలో బుల్ధానా జిల్లా. ఒకప్పుడు నిజాం ఏలిన బేరారు సీమలోది. 1853లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

శుక్రవారం సాయంకాలం సికింద్రాబాదులో అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పిన్నిగారు పులిహోర పొట్లాలు కట్టి, ఖాళీ సీసా ఒకటి చేతికిచ్చి, "గోముఖం నీళ్లు తేవాలి సుమా!" అని మరీ పంపింది. తెల్లవారకముందే జాల్నాలో దిగి, బస్సు పట్టుకున్నాం.

ఊరి చివరిదాకా ఏమీ తెలియదు. ఉన్నట్టుండి కాళ్లముందు నేల మాయమౌతుంది. అంచునుంచి అంచుకు సుమారు 1.8 కిలోమీటర్లున్న గుండ్రటి గుంట. నూట యాభై మీటర్ల లోతున ఆకుపచ్చని నీళ్లు. ఆకాశంనుంచి పడ్డ ఉల్క నల్లరాతిని పగలగొట్టగా ఏర్పడింది. అగ్నిపర్వతపు నోరని చాలాకాలం అనుకున్నారు గాని, రాళ్లలో దొరికిన గుర్తులతో 1973లో ఉల్కాపాతమేనని తేల్చారు. వయసు 50,000 ఏళ్లని ఒక లెక్క, 5,70,000 ఏళ్లని తర్వాతి లెక్క. మన ఉప్పల్ రోడ్డులోని భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్లు కూడా ఈ రాళ్లను పరీక్షించారు. ఊరివాళ్లు మాత్రం లవణాసురుణ్ణి విష్ణువు చంపిన చోటని చెబుతారు. పేరు చూస్తే వాళ్ల కథే దగ్గరగా ఉంది!

దిగే దారిలోనే గోముఖం. రాతి నోటినుంచి తియ్యటి నీళ్లు ధారగా పడుతున్నాయి. మావాడు దోసిలి పట్టి తాగి, కళ్లు మూసుకుని, "మా ఊటల రుచే" అన్నాడు. కింద అడవి, నెమళ్ల అరుపులు, పాడుబడ్డ గుళ్లు. ఒడ్డుకు చేరితే కుళ్లిన గుడ్డు వాసన.

ఉప్పు సరస్సని పేరే గాని, మన చౌడు నేలల్లో ఉండే సోడా ఇందులో చాలా ఉంది. అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీలో, గాజుకూ సబ్బుకూ కావలసిన సరుకు ఇక్కడ దొరుకుతుందని రాశాడు. 2020 జూన్‌లో నీరంతా గులాబిరంగుకు తిరిగింది. ఎండకు ఉప్పదనం హెచ్చి, దాన్ని ఇష్టపడే సూక్ష్మజీవులు విజృంభించాయట. ఆ ఏడాదే రామ్సార్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది.

పులిహోర తిని చేతిరుమాలు సరస్సులో ముంచాను. పసుపు మరకలన్నీ ఎర్రగా మారాయి! పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, ఈ నీళ్ల గుణమూ అదే.

మావాడు మాట్లాడకుండా ఒడ్డున చాలాసేపు కూర్చున్నాడు. ఈ గుంటకూ బయటికి దారి లేదు. వచ్చిన నీరు ఆవిరి కావలసిందే. ఊరి మురుగో, తియ్యటి నీరో లెక్కకు మించి వచ్చిపడితే ఉప్పదనం పలచబడి ఆ సూక్ష్మజీవుల ఉనికికే ముప్పు. "మా ఊళ్లో ఉప్పు చెట్లను చంపుతోంది. ఇక్కడ తీపి ఉప్పును చంపేట్టుంది" అన్నాడు. కాసేపాగి, "నీళ్లకు దారి చూపించే విద్యే నేర్చుకుంటాను భాయ్. పరీక్షలు రాసే వెళతాను" అన్నాడు. ఆ రాత్రి లోణార్‌లో రెండు ప్లేట్లు అన్నం తిన్నాడు.

సోమవారం పొద్దున్న ఇల్లు చేరాం. పిన్నిగారు సీసా అందుకుని కళ్లకద్దుకుంది. ఇంతలో తీగమీద ఆరేసిన నా చేతిరుమాలు కంటబడింది.

"ఇదేమిటర్రా, పారాణి మరకలు? ఎవరి పెళ్లికి వెళ్లొచ్చారు?"

మావాడు నావైపు వేలు చూపించాడు.