పరిశోధకుని చీటి

ఎర్రగుంట్ల పరిసరములయందు నాపరాయి నెఱుగని యిల్లు లేదు. నట్టింట పఱచినది అదియే, అరుగు మీద వేసినది అదియే. ఆ రాయియే భూగర్భశాస్త్ర విద్యార్థి చేతికి వచ్చినపుడు నార్జి సున్నపురాయి యను పేరు దాల్చును. ఏ గనిలో, ఎంత లోతున, ఏ పొరనుండి, ఏ దినమున తీసినదో తెలుపు చీటి దానికి అంటియున్నంతవరకే అది పరిశోధనకు సామగ్రి. చీటి ఊడిపోయెనా, అది మరల అరుగుబండయే. సూక్ష్మదర్శిని క్రింద నెంతసేపు పరీక్షించినను తాను పుట్టిన గనిపేరు అది చెప్పదు.

చదివిన మాటకును ఇదే నియమము. పుస్తకము పేరు, ముద్రణ సంవత్సరము, పుట సంఖ్య లేక నోటుబుక్కులో వ్రాసికొన్న మంచి మాట చీటి యూడిన రాతిముక్క వంటిది.

పరిశోధన చేయు పిల్లలున్న యిండ్లు నేడు చిన్న యూళ్లలో గూడ కలవు. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము స్థాపితమైన పిమ్మట ఎర్రగుంట్ల వంటి చోట్ల వారికి ఆ చదువు చేరువైనది. కడపకు దూరము సుమారు 40 కిలోమీటర్లే గదా. అయినను కుమార్తెయో కుమారుడో ఏండ్ల తరబడి ఏమి చేయుచున్నారో, ఎందుకింత ఆలస్యమో తల్లిదండ్రులకు బోధపడదు. యు.జి.సి. 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారము డాక్టరేటు పరిశోధనకు కనీసము మూడేండ్లు, గరిష్ఠముగా ఆరేండ్లు గడువు. స్త్రీలకు మరి రెండేండ్ల సడలింపు కలదు. ఈ గడువులో కొంత చదువుటకు పోవును, కొంత వ్రాయుటకు. ఒకమారు చదివినదానిని మరల వెదకుకొనుటలో పోవు కాలమును ఎవ్వరును లెక్కింపరు. కడపటి సంవత్సరమున పరిశోధకుని కన్నీరు పెట్టించునది సాధారణముగా అదియే.

ఈ వెదకులాటను తప్పించు పద్ధతి నేర్చుకొనుటకు సముద్రములు దాట నక్కఱలేదు. కడపలోని ఎర్రముక్కపల్లె వఱకు పోయిన చాలును. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగియై కడపకు వచ్చి, తరువాత అచట బంగళా కొని, పండితులకును వ్రాయసగాండ్రకును తన జీతమునుండి వేతనము లిచ్చుచు కావ్యముల ప్రతులను సేకరింపజేసెను. ఆ బంగళా యున్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికతో ఆయన పేర గ్రంథాలయము వెలసినది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషా పరిశోధన కేంద్రము. బ్రౌను నిఘంటువును, వేమన పద్యములను గూర్చి శ్రోతలు పెక్కుమార్లు వినియే యుందురు. ఇచట మనకు కావలసినది ఆయన పనిచేసిన తీరు.

ఒక కావ్యమునకు దొరకినన్ని ప్రతులు, ఒక్కొక్కపుడు పండ్రెండు దాక, ముందుగా కూర్చుకొనును. వానినుండి కాగితములమీద క్రొత్త ప్రతి యొకటి వ్రాయించును. అందొక పుట వ్రాతకు, ఎదుటి పుట ఖాళీ. ప్రతి పద్యమునకును సంఖ్య యుండును. ఏ ప్రతిలో ఏ పాఠాంతరము కలదో వ్రాయసగాడు ఆ సంఖ్యను బట్టి గుర్తించి పెట్టును. అటుపిమ్మటనే పండితులు కూర్చుండి ఒక్కొక్క పద్యమును పైకి చదివి ఏ పాఠము సాధువో తేల్చుదురు. పరస్పర విరుద్ధములైన సాక్ష్యములను విని న్యాయాధిపతి తీర్పు చెప్పుటతో బ్రౌనే ఈ పనిని పోల్చినాడు. న్యాయస్థానములలో పనిచేసినవాడు గనుక ఆ పోలిక ఊరక తోచినది కాదు.

ఇందు నన్ను మిక్కిలి ఆకర్షించినది ఆ ఖాళీ పుట. కాగితము వెలగల కాలమున సగము పుస్తకమును తెల్లగా విడుచుట దుబారాగా కనబడును. కాని రేపు పుట్టబోవు సందేహమునకు నేడే చోటు మిగుల్చుట అది. ఇక రెండవ మెలకువ, సేకరించువాడు వేఱు, తీర్పు చెప్పువారు వేఱు. నేటి విద్యార్థికి వ్రాయసగాడును తానే, పండితుడును తానే. కావున ఆ రెండు పనులను ఒకే పూట కలుపరాదు. ఉదయమున చదువుచు చీటీలు వ్రాసి, వానిపై అభిప్రాయమును మఱునాటికి వాయిదా వేయుట మంచిది. 1829లో ఆంగ్లానువాదముతో వెలువడిన వేమన పద్యములు 693; 1839 కూర్పునాటికి అవి 1164 అయ్యెను. సంఖ్యలు, గుర్తులు లేనిచో ఇన్ని చేర్పులు గజిబిజి యగును.

చీటీలతో పనిచేసినవారు ఇతర దేశములందును కలరు. జర్మను సామాజిక శాస్త్రజ్ఞుడు నిక్లాస్ లూమన్ తన జీవితకాలమున సుమారు 90,000 చీటీలు వ్రాసి, సంఖ్యలతో ఒకదానినొకటి ముడివేసి పెట్టెలలో భద్రపఱచెను. మనయందు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశమునకు రైతుల నోట విన్న మాటలే ఆధారము. అట్టి కృషిలో మాట ఎంత ముఖ్యమో, ఆ మాట వినబడిన ప్రాంతము పేరును అంత ముఖ్యము.

నేడు పెట్టెలకు బదులు కంప్యూటరు వచ్చినది. జొటీరో యను ఉచిత సాధనము 2006లో అమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయమున పుట్టినది. పుస్తకపు వివరములను అది ఒకమారు గ్రహించి, వ్యాసము చివర ఉపయుక్త గ్రంథముల పట్టికను తానే కూర్చును. వారముల పని గంటలలో ముగియును. అయితే తెలుగువారి పేర్ల వద్ద అది తడబడును. చివరి మాటయే యింటిపేరని దాని నమ్మకము. బ్రౌనునకు తోడ్పడిన జూలూరి అప్పయ్యగారిని దానికి వదలినచో జూలూరి యను యింటిపేరు అప్పయ్యగా మారిపోవును. ఇట్టివానిని చేతితో దిద్దవలసినదే.

వెదకుటలోను చిక్కు లున్నవి. ఎర్రగుంట్లను బండిఱతో ఎఱ్ఱగుంట్ల యని వ్రాసిన వ్యాసము, మామూలు రకారముతో వెదకువానికి దొరకకపోవచ్చును. కడప పేరు ఆంగ్లమున 2005 వఱకు కడ్డపా యను రీతిగా ఉండెను. 1875లో గ్రిబిల్ వ్రాసిన జిల్లా మాన్యువలు ఆ పేరుతోనే దొరకును. కావున ఊరిపేరు ఎన్ని విధముల వ్రాయబడినదో ఒక చీటి మీద వ్రాసికొని, అన్ని రూపములతోను వెదకవలెను. తెలుగులిపి యూనికోడులో 1991 నుండియు కలదు. అయినను అచ్చుపని కొఱకు చేసిన పాత ఫాంట్లలో టైపు చేసిన వ్రాత, వేఱొక యంత్రమున పిచ్చిగీతలుగా కనబడును, వెదకిన దొరకదు. నోట్సులను మొదటినుండి యూనికోడులోనే ఉంచుకొన్నచో ఈ బాధ యుండదు.

ఇపుడు ప్రశ్న అడిగినంతనే వ్యాసములు వ్రాసియిచ్చు కృత్రిమ మేధ కూడ వచ్చినది. లేని పుస్తకములను ఉన్నట్లు, పుట సంఖ్యలతో సహా చూపుట దానికి అలవాటు. చీటి లేని రాయి కంటె దొంగచీటి అంటించిన రాయి ప్రమాదకరము. అది చూపిన గ్రంథమును కంటితో చూచినగాని నోట్సులోనికి రానీయరాదు.

నోట్సులో ఇతరుల వాక్యమునకు కొటేషను గుర్తులు పెట్టుట చిన్న పని. అది మఱచినచో మూడేండ్ల తరువాత ఏది తన మాటయో, ఏది పరుల మాటయో పరిశోధకునకే తెలియదు. 2018 నాటి యు.జి.సి. నిబంధనలు ఆ మతిమఱపును మన్నింపవు: పోలిక పదిశాతము దాటిన దిద్దుకొని రావలెను, అరువది దాటిన నమోదే రద్దు.

ఇంటివారు చేయదగినది కొంత కలదు. పుస్తకము ముందర కదలక కూర్చున్న పిల్లను పనిలేక కూర్చున్నదని తలపవలదు. ప్రొద్దుట రెండు గంటలు ఎవ్వరును పిలువని చోటు, మఱియొకరు సర్దని బల్ల ఇచ్చిన చాలును. బల్లమీది చీటీలు ఎంత చిందరవందరగా కనబడినను ఊడ్చివేయరాదు; ఆ చిందరవందరకును ఒక వరుస యుండును.

తాళపత్రములకు పురుగు పట్టినట్లే కంప్యూటరునకును చెడుకాలము కలదు. వ్రాసినదానికి మూడు ప్రతులు అవసరము. ఒకటి పనిచేయు యంత్రమున, ఒకటి అంతర్జాలమున, మూడవది పెన్‌డ్రైవులో. ఈ మూడవది కంప్యూటరు సంచిలోనే యుండరాదు, సంచి పోయిన రెండును పోవును. పైన తేదీ వ్రాసి ఇంటి బీరువాలో దాచి, నెలకొకమారు తీసి క్రొత్త వ్రాతను చేర్చి మరల పెట్టుట తల్లికో తండ్రికో అప్పగింపవచ్చును.