కమీనో తొలిరోజు: కొండ లెక్క, కాళ్ల లెక్క

ఫ్రాన్స్ దక్షిణ సరిహద్దులో సాన్ జాన్ పియె ద పోర్ అనే చిన్న ఊరుంది. సముద్రమట్టానికి ఎత్తు సుమారు 170 మీటర్లు. అక్కడ మొదలై స్పెయిన్ వాయవ్య కొసన ఉన్న శాంటియాగో ద కాంపొస్టెలా దాకా సుమారు 780 కిలోమీటర్లు సాగే కాలిబాట పేరు కమీనో ఫ్రాన్సెస్. ఏసు శిష్యుడు సెయింట్ జేమ్స్ సమాధి ఉందని నమ్మే చోటికి యాత్రికులు వెయ్యేళ్లుగా నడుస్తున్న దారి ఇది. నెల పైచిలుకు పట్టే ఈ నడకలో అన్నిటికన్నా ఎక్కువ ఎత్తు ఎక్కాల్సింది మొదటి రోజే. ఒళ్లు ఇంకా నడకకు అలవాటు పడకముందే పిరనీస్ పర్వతాలు దాటి రోన్సెస్వాయెస్ చేరాలి.

ఈ మజిలీ దూరం సుమారు 25 కిలోమీటర్లు. మొత్తం దారిలో మూడు శాతం చిల్లర. రోజూ పొద్దున్నే నడిచేవాళ్లను ఈ అంకె పెద్దగా కంగారు పెట్టదు. ప్రయాణం దెబ్బతినేదీ అక్కడే. ఈ రోజును దూరంతో కొలవకూడదు, ఎత్తుతో కొలవాలి. దారిలో దాటాల్సిన లెపోయెడర్ కనుమ ఎత్తు దాదాపు 1,430 మీటర్లు. అంటే 1,260 మీటర్లు పైకి ఎక్కాలి.

అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లినవాళ్లకు ఈ అంకె చప్పున అర్థమవుతుంది. 3,550 మెట్లతో మనం ఎక్కే ఎత్తు రమారమి 700 మీటర్లు. లెపోయెడర్ అందుకు 1.8 రెట్లు. పైగా అలిపిరిలో సామాను అప్పగిస్తే దేవస్థానం వాళ్లు డబ్బు తీసుకోకుండా కొండమీదికి చేరుస్తారు, మనం ఖాళీ చేతులతో ఎక్కుతాం. ఇక్కడ ఏడెనిమిది కిలోల సంచి వీపునే ఉంటుంది.

ఎంతసేపు పడుతుంది? 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క నేటికీ కొండదారుల్లో పనికొస్తోంది. మెట్రిక్ కొలతల్లో చెబితే, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 25 కిలోమీటర్లకు ఐదు గంటలు, 1,260 మీటర్లకు రెండు గంటల పైన. మొత్తం ఏడు గంటలు దాటింది. ఇది బాగా నడవగల ఆరోగ్యవంతుడికి, ఆగకుండా నడిస్తే. తిండికి, నీళ్లకు, ఊపిరి తీసుకోవడానికి ఆగే సమయం కలిపితే తొమ్మిది, పది గంటలు పట్టడం మామూలే. ఉదయం ఎనిమిదిన్నరకు తీరిగ్గా బయలుదేరితే సాయంత్రం ఆరున్నర దాకా దారిలోనే ఉంటారు.

ఇక శక్తి సంగతి. 70 కిలోల మనిషి 8 కిలోల సంచితో 1,260 మీటర్లు ఎక్కితే, ఆ బరువును పైకి లేపడానికి చేసే పని సుమారు 230 కిలో క్యాలరీలు. మన కండరాలు తిన్నదాంట్లో నాలుగో వంతునే పనిగా మార్చగలవు, మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి ఎక్కడానికే దాదాపు 920 కిలో క్యాలరీలు ఖర్చు. 25 కిలోమీటర్లు ముందుకు నడవడానికి అయ్యేది దీనికి అదనం. టీ, బిస్కెట్లతో బయలుదేరితే మధ్యాహ్నానికి కాళ్లు వణకడంలో వింతేముంది?

సంచిలో కిలో బరువు పెరిగితే ఎక్కడానికయ్యే శక్తి పెద్దగా పెరగదు, పన్నెండు కిలో క్యాలరీలంతే. అసలు దెబ్బ పాదాల మీద పడుతుంది. అడుగుకు 65 సెంటీమీటర్లు అనుకుంటే 25 కిలోమీటర్లకు 38 వేల అడుగులు. అడుగడుగునా ఆ అదనపు కిలో నేలను తాకుతుంది. అన్నీ కూడితే సాయంత్రానికి అరికాళ్లు మోసింది 38 టన్నులు. ‘పనికొస్తుందేమో’ అని పెట్టుకున్న రెండో జత జీన్స్ ప్యాంటు విలువ అంత ఉందా అని సంచి సర్దేటప్పుడే ప్రశ్నించుకోవాలి. నీళ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఎనిమిదో కిలోమీటరు దాటాక నీళ్లు దొరికే చోట్లు చాలా తక్కువ. రెండు లీటర్లంటే రెండు కిలోలే, మోయాల్సిందే.

వాతావరణానికీ అంకె ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద ఊళ్లో 15 డిగ్రీలుంటే కనుమ మీద ఏడు. దానికి గాలి, చెమటకు తడిసిన చొక్కా తోడవుతాయి. 2010లో వచ్చిన ‘ద వే’ సినిమాలో కథానాయకుడి కొడుకు ఈ కొండల్లోనే తుఫానుకు చిక్కి చనిపోతాడు. అది కల్పన. కానీ స్పెయిన్‌లోని నవారా ప్రాంత ప్రభుత్వం నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఈ పైదారిని మూసేయడం నిజం. ఆ నెలల్లో వాల్కార్లోస్ లోయ దారినే వెళ్లాలి.

కనుమ చేరగానే కష్టం గట్టెక్కిందనుకుంటారు. నా దృష్టిలో అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. 1,430 నుంచి రోన్సెస్వాయెస్ ఉన్న 950 మీటర్లకు, సుమారు నాలుగు కిలోమీటర్లలో 480 మీటర్లు దిగాలి. వందకు పన్నెండు వాలు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు ఆపుతుంది. అలవాటులేని కండరపు పోగుల్లో సన్నని చీలికలు ఏర్పడేది ఈ పనిలోనే. ఆ నొప్పి వెంటనే రాదు. 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. రెండో రోజు మజిలీ సుబిరి, ఇంకో 22 కిలోమీటర్లు. దాని చివర కూడా రాళ్లు తేలిన నిటారు దిగుడే. మొదటి రోజు ఎలాగో నెట్టుకొచ్చినవాళ్లు రెండో సాయంత్రానికి, మూడో సాయంత్రానికి కుంటడం వెనక ఉన్నది ఈ లెక్కే.

మందు కూడా అంకెల్లోనే ఉంది. సుమారు ఎనిమిదో కిలోమీటరు దగ్గర, 790 మీటర్ల ఎత్తులో ఒరిసాన్ విడిది ఉంది. మొత్తం ఎక్కుడులో సగం అక్కడికే పూర్తవుతుంది. తొలిరాత్రి అక్కడ ఆగితే రెండో రోజుకు మిగిలేది 17 కిలోమీటర్ల నడక, 640 మీటర్ల ఎక్కుడు. దిగుడుకు చేరేసరికి కాళ్లలో ఇంకా సత్తువ ఉంటుంది. చేతికర్రలు మోకాళ్ల భారాన్ని కొంత పంచుకుంటాయి. కాలు ఎక్కడైనా చురుక్కుమంటే అప్పుడే ఆగి ప్లాస్టర్ వేసుకోవాలి, బొబ్బ లేచేదాకా చూడొద్దు. మోయలేనివాళ్ల సంచిని డబ్బు తీసుకుని తర్వాతి మజిలీకి చేర్చేవాళ్లూ ఉన్నారు.

ఒరిసాన్‌లో పడకలు కొద్దిగానే ఉంటాయి, ముందే నిండిపోతాయి. విమానం టికెట్ కొన్న రోజే అక్కడ చోటు ఖాయం చేసుకోండి.